అడిగిన క్షణాన అందాలి

1998 ఆగస్టులో ఇంటెల్ కంపెనీ సెలెరాన్ 300ఏ అనే ప్రాసెసర్‌ను బజారులోకి తెచ్చింది. పేరుకు తగ్గట్టే దాని వేగం 300 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డు మీది బస్ 66 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంటే, దాన్ని నాలుగున్నరతో హెచ్చవేసుకుని ఆ వేగం అందుకునేది. కుతూహలం ఉన్నవాళ్ళు ఆ బస్‌ను 100కి మార్చి చూశారు. ప్రాసెసర్ కిమ్మనకుండా 450 మెగాహెర్ట్జ్‌లో పనిచేసింది. అదే నెలలో ఇంటెల్ చాలా ఎక్కువ ధరకు అమ్మిన పెంటియం 2 వేగమూ అంతే. ఓవర్‌క్లాకింగ్ అనే సరదా ప్రపంచమంతా పాకడానికి ఈ చిన్న చిప్పు చేసినంత సాయం మరొకటి చేయలేదేమో. కంప్యూటర్లు విప్పి బిగించడం మీద నాకున్న ప్రేమకు ఈ కథే పునాది.

ఆ ఒకటిన్నర రెట్ల వేగం కొత్తగా పుట్టింది కాదు, మొదటి నుంచీ అందులో ఉన్నదే. కొంత వ్యాపారం కోసం దాచిపెట్టింది, కొంత ముందుజాగ్రత్త కోసం వదిలిపెట్టింది. లక్షల చిప్పులు తయారైతే అన్నీ ఒక్కలా ఉండవు. వాటిలో అన్నిటికన్నా బలహీనమైనది రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం, ఫ్యాను నిండా దుమ్ము పేరుకున్న డబ్బాలో, లో వోల్టేజీ మీద, కొన్నేళ్ళు పాతబడ్డాక కూడా తప్పు లేకుండా నడవాలి. డబ్బా మీద అచ్చేసే వేగం ఆ పరిస్థితికి ఇచ్చిన మాట. మీ చిప్పు అంతకన్నా మంచిదైతే, మీ గది అంతకన్నా చల్లగా ఉంటే, తేడా అంతా మిగులే.

ఓవర్‌క్లాకింగ్ అంటే ఆ మిగులును బయటికి తీసి వాడుకోవడం. అందులో తప్పేమీ లేదని నా నమ్మకం. అయితే ఆ మిగులు ఊరికే పడి ఉన్న సొమ్ము కాదు. ఏదో ఒక ఆపదకు అడ్డుగా నిలబెట్టిన గోడ అది. గోడ తీసేసినవాళ్ళే ఆ ఆపదకు వేరే కాపలా పెట్టాలి. ఆ కాపలా ఉద్యోగం ఎక్కువ భాగం పడేది ఎవరూ పట్టించుకోని ఒక రేకు డబ్బా మీద. ఇంగ్లీషు పుస్తకాలు దాన్ని పవర్ సప్లై అంటాయి. కంప్యూటర్ సామాను అమ్మే సికింద్రాబాద్ సీటీసీ నుంచి మన వీధి చివరి రిపేరు షాపు దాకా అందరూ ఎస్‌ఎంపీఎస్ అంటారు.

ముందు లెక్క చూద్దాం. ప్రాసెసర్ తినే కరెంటు దాని వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే వర్గంలో పెరుగుతుంది. 1.2 వోల్టుల మీద 4.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తూ 125 వాట్లు తీసుకునే ప్రాసెసర్ ఒకటి ఉందనుకోండి. దాన్ని 4.8కి తీసుకెళ్ళాలంటే వోల్టేజీ 1.32 దాకా పెంచాల్సి వచ్చింది. వేగం పెరిగింది తొమ్మిది శాతం. తినే వాట్లు పెరిగింది 32 శాతం, అంటే 165 వాట్లు. ఇంత తక్కువ వోల్టేజీ మీద అన్ని వాట్లు కావాలంటే ఆంపియర్లు బాగా పెరగాలి. 165ని 1.32తో భాగిస్తే 125 ఆంపియర్లు. మన ఇంట్లో ఏసీకి పెట్టే పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లది. అరచేతిలో ఇమిడే చిప్పులోకి దానికి ఏడెనిమిది రెట్ల ప్రవాహం వెళ్తోంది. దారిలో వెయ్యో వంతు ఓమ్ అడ్డం ఉన్నా చాలు, ఎనిమిదో వంతు వోల్టు అక్కడే హరించుకుపోతుంది. కష్టపడి పెంచుకున్నదే 0.12 వోల్టులని గుర్తు పెట్టుకోండి.

వోల్టేజీ కాస్త తగ్గితే ఏమవుతుంది? ట్రాన్సిస్టర్ నెమ్మదిస్తుంది. 4.8 గిగాహెర్ట్జ్‌లో ఒక క్లాక్ టిక్కుకూ మరో టిక్కుకూ మధ్య ఉన్న కాలం 0.21 నానోసెకన్లు. అంతసేపట్లో కాంతి కూడా ఆరున్నర సెంటీమీటర్లకు మించి పోలేదు. ఈలోగా సంకేతం ఒక చివర బయల్దేరి, వరసగా ఎన్నో ట్రాన్సిస్టర్లు దాటి, రెండో చివర చేరి కుదురుకోవాలి. వోల్టేజీ ఒక్క క్షణం కుంగితే అది ఆలస్యంగా వస్తుంది. క్లాక్ మాత్రం ఆగదు. ఒకటి ఉండాల్సిన చోట సున్నా నమోదవుతుంది. ఆ సున్నా కీలకమైన చోట పడితే తెర నీలంగా మారుతుంది, లేదా యంత్రం తనంతట తానే మళ్ళీ మొదలవుతుంది. అది అదృష్టమే. అంత కీలకం కాని చోట పడితే ఏమీ జరగనట్టే ఉంటుంది, జవాబు మాత్రం తప్పు వస్తుంది.

ఈ రెండో రకాన్ని పట్టుకోవడానికే ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్ళు ప్రైమ్95 అనే ప్రోగ్రాము నడుపుతారు. అది పుట్టింది కంప్యూటర్లను పరీక్షించడానికి కాదు. జార్జ్ వోల్ట్‌మన్ 1996లో మొదలుపెట్టిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణ కోసం రాసింది. బ్రహ్మాండమైన సంఖ్యలను దశాంశాలలోకి మార్చి గుణించి, చివర దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తుంది. అన్నీ సవ్యంగా ఉంటే ప్రతి జవాబూ ఏదో ఒక పూర్ణాంకానికి అంటిపెట్టుకునే ఉంటుంది. తేడా 0.4 దాటిందంటే ఆ పక్క అంకెకు చెందుతుందో ఈ పక్కదానికో నమ్మకంగా చెప్పలేం. అక్కడితో ప్రోగ్రాము లెక్క ఆపి తప్పు జరిగిందని చెబుతుంది. రోజుల తరబడి సాగే గణనలో ఒక్క బిట్ తారుమారైతే మొత్తం శ్రమ వృథా కాబట్టి, గణితజ్ఞులు తమ యంత్రం మీద తామే పెట్టుకున్న నిఘా ఇది. నేను దీన్ని ఎంతో గౌరవిస్తాను. ఆగిపోకుండా నడవడాన్నే స్థిరత్వం అనుకుంటాం. తప్పు చెప్పకుండా నడవడమే స్థిరత్వమని ఈ ప్రోగ్రాము నేర్పుతుంది.

ఇక ఎస్‌ఎంపీఎస్ పాత్రకు వద్దాం. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు పది ఆంపియర్లు తీసుకుంటూ, పని మీద పడగానే కన్ను మూసి తెరిచేలోపు, నిజానికి అందులో వెయ్యో వంతు కాలంలోపే, నూట పాతిక అడుగుతుంది. ఆ క్షణాన ఎస్‌ఎంపీఎస్ నుంచి ఏమీ అందదు. అంత వేగంగా కదలడం దాని వల్ల కాదు. అయినా యంత్రం ఆగదంటే కారణం మధ్యలో ఉన్న నిలవలు. పాతకాలపు పెరట్లో నీళ్ళ ఏర్పాటు ఎలా ఉండేదో ఇదీ అలాగే ఉంటుంది. చేతిలో చెంబు, పక్కన బిందె, గోడవారగా గాబు, దూరంగా బావి. దాహమేసినవాడికి చెంబు అందుతుంది, చెంబు ఖాళీ అయ్యేలోపు బిందె వంచుతారు, బిందె అడుగంటేలోపు గాబులోంచి ముంచుతారు, ఈలోగా ఎవరో బావిలో చేద వేస్తారు. చిప్పు లోపలే ఉన్న సూక్ష్మమైన కెపాసిటర్లు నానోసెకన్ల పాటు ఆదుకుంటాయి. చిప్పు కింద, చుట్టూ అతికించిన సిరామిక్ కెపాసిటర్లు మరికాస్త సేపు నిలబడతాయి. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ పక్కనే ఉండే వీఆర్‌ఎం, అంటే 12 వోల్టులను ఒకటింబావు వోల్టుకు దించే విభాగం, కొన్ని మైక్రోసెకన్లలో అందుకుంటుంది. అది ఎస్‌ఎంపీఎస్‌ను అడుగుతుంది. ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో ఉన్నది ఇస్తూ, పదుల నుంచి వందల మైక్రోసెకన్లలో తేరుకుని గోడ ప్లగ్గులోంచి తోడుకుంటుంది.

ఈ వరసలో ప్రతి నిలవా తన వెనకున్నది మేల్కొనేదాకా నిలబడితే చాలు. ఒక్కటి ముందే అడుగంటితే ఆ కుంగు ముందుకు పాకుతుంది.

మా అన్నయ్య కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. వాడి ప్రాసెసర్‌ను ఇంచుమించు పైన చెప్పిన అంకెల్లోనే ఓవర్‌క్లాక్ చేసుకున్నాడు. రాత్రి రెండర్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి మిషన్ రీస్టార్ట్ అయి ఉండేది. అంతకన్నా భయపెట్టింది వేరే ఉంది. సజావుగా పూర్తయిన ఒక వీడియోలో, సరిగ్గా తలంబ్రాల దగ్గర, ఒకే ఒక్క ఫ్రేములో పెళ్ళికూతురి భుజం మీద ఆకుపచ్చ గళ్ళు. మళ్ళీ రెండర్ చేస్తే అవి లేవు. ‘ఫైల్లో లేని రంగు ఎక్కణ్ణుంచి వచ్చింది బాబాయ్?’ అని అడిగాడు.

ఓవర్‌క్లాక్ తీసేస్తే జబ్బు పోయింది. అలాగే ఉంచి నా దగ్గరున్న మరో ఎస్‌ఎంపీఎస్ తగిలిస్తే అప్పుడూ పోయింది. ముందున్నది క్యాబినెట్ కొంటే దాంతోపాటు వచ్చినది. మీద పెద్ద అక్షరాలతో 500 వాట్లని ఉంది. పక్కన చిన్న అక్షరాల పట్టికలో అసలు సంగతి ఉంది: 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లు. అంటే 216 వాట్లు. మిగతా సామర్థ్యమంతా ఈనాటి కంప్యూటర్ పెద్దగా వాడని 5, 3.3 వోల్టుల కింద చూపించారు. మామూలు వేగంలో వీఆర్‌ఎం వృథా కలుపుకుని ప్రాసెసర్‌కు పన్నెండు ఆంపియర్లు, గ్రాఫిక్స్ కార్డుకూ ఫ్యాన్లకూ ఐదు, వెరసి పదిహేడు. ఒడ్డు దాటలేదు. ఓవర్‌క్లాక్ చేశాక ప్రాసెసర్ ఒక్కదానికే పదిహేను, వెరసి ఇరవై. తొమ్మిది శాతం వేగం కోసం వాడు దాటిన గీత ఇదే.

మల్టీమీటర్ ముల్లు పసుపు వైరుకూ నల్ల వైరుకూ ఆనిస్తే ఖాళీగా ఉన్నప్పుడు 11.9, లోడు మీద 11.5 చూపించింది. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టులకు ఐదు శాతం అటూ ఇటూ ఉండవచ్చు. అంటే 11.4 దాకా పాసే. వాడికి నమ్మకం కుదరలేదు. డబ్బా మొత్తం ఆటోలో పెట్టుకుని కోఠి గుజరాతీ గల్లీలో టీవీలు, యూపీఎస్‌లు బాగుచేసే పరిచయస్తుడి దగ్గరికి వెళ్ళాం. ఆయన దగ్గర పాత ఆసిలోస్కోప్ ఉంది. ‘మీటరు సగటు చెప్తది సార్. నిమిషంలో వెయ్యిసార్లు కిందా మీదా పడ్డా దానికి తెల్వదు. గీత చూడాలె’ అన్నాడు. ప్రైమ్95 మొదలుపెట్టగానే తెర మీది సన్నటి ఆకుపచ్చ గీత రంపం పళ్ళలా లేచింది. గళ్ళు లెక్కపెడితే శిఖరానికీ లోయకూ మధ్య 200 మిల్లీవోల్టుల పైనే. 12 వోల్టుల మీద అనుమతి 120.

ఆయనే ఎస్‌ఎంపీఎస్ మూత విప్పి చూపించాడు. ఆ పని ఇంట్లో ఎవరూ చేయకూడదు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. బయటికి కరెంటు ఇచ్చే వైపు నాలుగైదు కెపాసిటర్లు ఫ్యాను గాలి తగలని మూలలో ఇరుక్కుని ఉన్నాయి. వాటిలో రెండింటి నెత్తి, చదునుగా ఉండాల్సింది, ఉబ్బి ఉంది. గంటు పెట్టిన చోట గోధుమరంగు మరక ఎండిపోయి ఉంది. పక్కన 85 డిగ్రీలని అచ్చు. మంచి తయారీలో వాడేవి 105 డిగ్రీలవి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందని ఇంజినీర్ల మోటు లెక్క. అంటే ఆ ఇరవై డిగ్రీల తేడా విలువ నాలుగింతల ఆయుష్షు. తలంబ్రాల మీది ఆకుపచ్చ గళ్ళు మొలిచింది ఈ ఉబ్బిన నెత్తుల్లోంచి.

ఎస్‌ఎంపీఎస్ మీద లేనిపోని నేరాలూ మోపకూడదు. 12 వోల్టులు 11.6కి తగ్గితే ప్రాసెసర్‌కు అందేది దానంతట అదే తగ్గిపోదు. వీఆర్‌ఎం ఆ లోటును సర్దుకుంటుంది. కాకపోతే సర్దుకోవడానికి ఎక్కువ ఆంపియర్లు లాగి తానే వేడెక్కుతుంది. అది సర్దలేనంత వేగంగా వచ్చే అలజడి మాత్రం కొంత లోపలికి జారుతుంది. ఓవర్‌క్లాక్ చేసిన చిప్పుకు ఆ కొంతే ఎక్కువ. సెలెరాన్ రోజుల్లో ఈ బంధం ఇంకా సూటిగా ఉండేది. అప్పటి ఎస్‌డీ ర్యామ్ నడిచేదే 3.3 వోల్టుల మీద. చాలా బోర్డుల్లో ఆ లైను ఎస్‌ఎంపీఎస్ నుంచి తిన్నగా దానికి వెళ్ళేది. ప్రాసెసర్లేమో 5 వోల్టుల లైను మీద బతికేవి. 2000లో పెంటియం 4 వచ్చాక నాలుగు పిన్నుల ప్రత్యేక తీగతో ఆ బరువు 12 వోల్టుల మీదకు మారింది. కానీ చవకరకం ఎస్‌ఎంపీఎస్‌లలో ఈ రెండు లైన్లనూ ఒకే నియంత్రణ చూసుకునే పద్ధతి చాలా ఏళ్ళు కొనసాగింది. 12 మీద బరువు పెరిగి 5 తేలికగా ఉంటే మొదటిది కుంగుతుంది, రెండోది ఉబ్బుతుంది. 12 ఒక్కటే తయారుచేసి మిగతావి దాంట్లోంచి తీసే ఈనాటి పద్ధతిలో ఆ బాధ తగ్గింది.

డబ్బా మీది 80 ప్లస్ ముద్రను చూసి నిశ్చింతగా ఉండేవాళ్ళూ ఉన్నారు. 2004లో మొదలైన ఆ ముద్ర గోడలోంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం వృథా కాకుండా ఇస్తుందో చెబుతుంది. మంచి విషయమే. ఇచ్చేది ఎంత నిలకడగా ఇస్తుందన్నది దాని పరీక్షలో భాగం కాదు. ఈ నిలకడ ఎంత ముఖ్యమో 2020 తర్వాత వచ్చిన పెద్ద గ్రాఫిక్స్ కార్డులు అందరికీ నేర్పాయి. సగటున 350 వాట్లు తీసుకునే కార్డు అరక్షణం కన్నా ఎంతో తక్కువ కాలంలో దానికన్నా చాలా ఎక్కువ లాగి వదిలేది. ఆ ఒక్క కుదుపుకు, లెక్క ప్రకారం సరిపోవాల్సిన ఎస్‌ఎంపీఎస్‌లు తమను తాము కాపాడుకోవడానికి ఠక్కున ఆగిపోయేవి. చివరికి 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం పెద్ద ఎస్‌ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెండింతల బరువును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని కోరింది. సెకనులో పదివేలో వంతుకు ఒక ప్రమాణం రాయాల్సి రావడం చూస్తే, బలాన్ని కొలిచే మన పద్ధతే మారిందనిపిస్తుంది. రోజంతా కలిపి ఎంత ఇవ్వగలదన్న ప్రశ్న పక్కకు జరిగి, అడిగిన క్షణాన ఎంత ఇస్తుందన్నది ముందుకొచ్చింది.

ఈ వరస గోడ దగ్గర ఆగదు. మన ప్లగ్గులో 230 వోల్టులు సెకనుకు 50 సార్లు ఊగుతాయి, ఒక్కో ఊపుకు 20 మిల్లీసెకన్లు. కరెంటు పోయినా పూర్తి బరువు మీద 16, 17 మిల్లీసెకన్లు నిలబడాలని ఏటీఎక్స్ చాలా కాలం ఎస్‌ఎంపీఎస్‌ను అడిగింది. యూపీఎస్ అందుకోవడానికి సాధారణంగా పది మిల్లీసెకన్ల లోపే పడుతుంది కాబట్టి అది చాలు. బరువు గీత దాటితే, వేసవిలో ఊళ్ళో వోల్టేజీ ముందే కుంగి ఉంటే, ఆ పెద్ద కెపాసిటర్‌లోని నిలవ అంతకన్నా ముందే తరిగిపోతుంది. యూపీఎస్ ఉండి కూడా మిషన్ ఆగిపోయిందని మన దగ్గర వినిపించే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడ పుడతాయి.

గోడ అవతల కూడా ఇదే ఏర్పాటు. లక్షల ఇళ్ళలో ఒకేసారి మోటార్లు వేస్తే మొదటి క్షణం ఆదుకునేది విద్యుత్ కేంద్రాల్లో తిరిగే టర్బైన్ల బరువు. అవి రవ్వంత నెమ్మదించి ఆ శక్తిని ఇచ్చేస్తాయి. ఆ తర్వాత గవర్నర్లు కదులుతాయి, ఆ పైన జలవిద్యుత్తు గేట్లు తెరుస్తారు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యూనిట్లు కిందికి వచ్చిన నీళ్ళను తిరిగి పైకి తోడి దాచుకోవడానికి కూడా ఏర్పాటైనవి. 2013 డిసెంబర్ 31న రాయచూర్, షోలాపూర్ మధ్య 765 కేవీ లైను కలిపి దక్షిణాది గ్రిడ్డును దేశపు గ్రిడ్డుతో ఏకం చేశాక, ఈ నిలవ ఇంకా పెద్దదైంది. చిప్పులోని నానోసెకను కెపాసిటర్ నుంచి కృష్ణ నీళ్ళ దాకా ఒకటే సూత్రం: దగ్గరిది చిన్నది, చురుకైనది, దూరానిది పెద్దది, నిదానమైనది, ప్రతిదానిలోనూ కాస్త మిగులు ఉండాలి.

ఎవరికైనా మిషన్ అమర్చి ఇవ్వాల్సి వస్తే నేను మొదట రాసుకునేది 12 వోల్టుల దగ్గర కావలసిన ఆంపియర్లు. ఓవర్‌క్లాక్ చేశాక ఎంతవుతుందో లెక్కగట్టి, దాని మీద మరో మూడో వంతు వదులుతాను. ఆ తర్వాతే ప్రాసెసర్ ధర చూస్తాను. గోడ ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూడకుండా ఏదీ తగిలించను. పరీక్ష డిసెంబర్‌లో గట్టెక్కితే సంతోషించను, మే నెలలో రాత్రంతా నడిచి ఒక్క లెక్కా తప్పకపోతే అప్పుడు ఆ వేగం నిలబడ్డట్టు. మా వాడికి మంచి ఎస్‌ఎంపీఎస్ పెట్టాక కూడా 4.8 నుంచి 4.7కి దించి, వోల్టేజీ కూడా కాస్త తగ్గించాను. వాడికి నచ్చలేదు. వాడు అమ్ముకునేది రెండర్ వేగం కాదు, మళ్ళీ జరగని పెళ్ళి తాలూకు జ్ఞాపకమని చెప్పాను.

సెలెరాన్ మీద 300 అని రాసిన ఇంజినీరుకు మనం ఎవరో తెలియదు. ముఖం తెలియని మనిషి ఎండనూ దుమ్మునూ లో వోల్టేజీనీ ఊహించుకుని ఆ అంకె వేశాడు. ఆ అంకెను చెరిపి మనం 450 రాసుకోవచ్చు, ఆ స్వేచ్ఛ నాకు చాలా ఇష్టం. చెరిపిన చేతికే అతను చేసిన ఆలోచనంతా మళ్ళీ చేసే పని కూడా వస్తుంది: ఈ యంత్రం మీద ఎవరు ఆధారపడతారు, ఏ రాత్రి, ఎంత వేడిలో, ఎలాంటి కరెంటు మీద. ఆ పని తలకెత్తుకున్నవాళ్ళకే మిగులును ఖర్చు పెట్టే హక్కు ఉంటుంది.